గద్దె వంతు

మా వీధిలో ఒక అంగడి మూతపడితే పలువరసలో పన్ను ఊడినట్టే, ఒకటి పోతే పక్కవి కదులుతాయి, అనేవాడు మా వర్తక సంఘం ప్రెసిడెంటు. జవళి వ్యాపారి, పెద్దాయన. ఆయన నోట్లో అప్పటికి నాలుగు పళ్ళే మిగిలాయి. కాబట్టి ఆ మాట అనడానికి ఆయన్ను మించిన అర్హుడు లేడు.

నేను చెప్పేది కర్నూలులో, తెల్లవాళ్ళ కాలం, రెండో యుద్ధం ఇంకా మొదలుకాని రోజులు. నన్ను ఆ వీధికి ఇచ్చేనాటికి నాకు పద్నాలుగేళ్ళు. మాది ఇత్తడి, రాగి సామాన్ల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. ఆడవాళ్ళం ఆ తలుపు దాటి ముందుకు రాకూడదు. తలుపు చాటున కూర్చుని వినడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. నేను పన్నెండేళ్ళు విన్నాను. బిందెను వేలి కణుపుతో కొడితే వచ్చే మోతను బట్టి అది మంచిదో, అతుకు వేసినదో లోపలి నుంచే చెప్పేదాన్ని. "నీ చెవులు అంగట్లో ఉండాల్సినవి" అని నా భర్త నవ్వేవాడు. నోరు గురించి మాత్రం ఏమీ అనేవాడు కాదు. నేను గయ్యాళినని వీధంతా అనుకునేది. అబద్ధం కాదు.

ఆ వీధి ఎంత కళగా ఉండేదో ఇప్పుడు చెబితే కోతలు కోస్తున్నానంటారు. కర్నూలు ఎండ సంగతి తెలిసినవాళ్ళు వైశాఖంలో ఇల్లు కదలరు. కానీ మా వీధికి సాయంత్రం నాలుగు గంటలకల్లా జనం వచ్చేవాళ్ళు, ఎందుకంటే సరిగ్గా ఆ వేళకు సంఘం వాళ్ళ నీళ్ళబండి వచ్చేది. తుంగభద్ర నుంచి పీపాలతో నీళ్ళు తెచ్చి, వెనక చిల్లుల వెదురుబొంగులోంచి వీధి పొడుగునా చల్లుకుంటూ పోయేది. ఆ తడిమట్టి వాసనకు ఆలూరు వైపు నుంచి వచ్చిన బండ్లవాళ్ళు కూడా తిరిగిపోవడం మానేసి ఇంకో నాలుగు వస్తువులు బేరం చేసేవాళ్ళు. అంగళ్ళ ముందు వేసిన తడికల పందిళ్ళన్నీ ఒకే కొలత. ఎవడైనా జానెడు ముందుకు జరిపితే ప్రెసిడెంటు తన చేతికర్రతో కొలిచి, ఆ కర్రతోనే వెనక్కి నెట్టేవాడు. అమావాస్య నాడు అందరి తూకపు రాళ్ళూ సంఘం రాళ్ళతో సరిచూసేవాళ్ళు. మిరపకాయల అంగడి ఆయన ఆ రోజు మాత్రం మహా భక్తుడయ్యేవాడు.

మాకు సరిగ్గా ఎదురుగా ఇంకొక ఇత్తడి అంగడి. దాని యజమానిని నేను వరసకు మామా అని పిలవాలి. అరవై ఏళ్ళు ఉంటాయి. ఆయనకూ నా భర్తకూ పొద్దస్తమానం అరుపుల పోటీ. నా భర్త గిరాకీకి బిందె చూపిస్తుంటే, ఆయన అక్కడి నుంచి "ఏమప్పా, అది నీళ్ళు మోసేదానికా, పిండి జల్లించేదానికా?" అని అరిచేవాడు. మా ఆయన ఊరుకుంటాడా? "ఆయన బిందె కొంటే దాని కింద ఇంకో బిందె పెట్టుకోవల్ల!" అని జవాబు. సాయంత్రం ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని ఒకే పెట్టెలోంచి ఆకూ వక్కా వేసుకునేవాళ్ళు. వీళ్ళేం మనుషులో అని నాకు ఒళ్ళు మండేది.

ఒక ఎండాకాలం నా భర్త మూడు రోజుల జ్వరంతో పోయాడు. నాకు ఇరవై ఆరేళ్ళు. ఆరేళ్ళ కూతురు ఉంది. కొడుకులు లేరు, మరుదులు లేరు.

మా వీధి అంగళ్ళు సత్రం తాలూకువి. ఎవరికి ఇవ్వాలో సంఘం నిర్ణయించేది. తాళం పడిన అంగడిని నెల తిరగ్గానే కాచుకుని ఉన్న ఇంకొకరికి ఇవ్వడం కట్టుబాటు. కఠినమైనదే, కానీ దానికి జోడుగా ఇంకొక కట్టుబాటు ఉండేది. ఎవరింట్లోనైనా యజమాని పోతే, ఎదిగిన కొడుకులున్నా సరే, నాలుగో రోజు నుంచి నెల మాసికం దాకా వీధిలోని వ్యాపారులు రోజుకొకరు వచ్చి ఆ అంగట్లో యజమాని గద్దె మీద కూర్చుంటారు. తలుపులు తీసి, అమ్మి, సాయంత్రం తాళంచెవి పెరటి తలుపు దగ్గర ఇచ్చి పోతారు. దాన్ని గద్దె వంతు అనేవాళ్ళు. కూర్చున్న వాడు ఆ పూటకు ఆ అంగడి మనిషే, తన అంగడి మనిషి కాడు. అదీ దాని ధర్మం. నెల తరవాత మాత్రం ఆ ఇంటివాళ్ళే ఎవరినో ఒకరిని కూర్చోబెట్టుకోవాలి, లేదంటే వదులుకోవాలి.

మా అన్న నంద్యాల పక్క పల్లెటూరి నుంచి వచ్చాడు. "నెల కాగానే బండి కట్టుకొని వస్తా. వచ్చి మా ఇంట్లో ఉండు. నాకు నువ్వు బరువా?" అన్నాడు. మంచివాడే. కానీ ఆ ఇంట్లో వంటింటి తాళాలు మా వదిన నడుముకు ఉంటాయి. ఆమె నవ్వుతూ వడ్డించిన అన్నం కూడా లెక్కపెట్టి వడ్డించినట్టే ఉంటుంది. నా కూతురు ఆ అన్నం తింటూ పెరగడం నాకు ఇష్టం లేదు. నాకు తెలిసిన పని ఒక్కటే, అది ఆ తలుపుకు అవతల ఉంది. ఆ గద్దె నాకు కావాలి. ఆ మాట పైకి అనడానికి నాకే భయమేసింది.

నాలుగో రోజు నుంచి వంతులు మొదలయ్యాయి. నేను మూలగదిలో కూర్చుని ఉండేదాన్ని. ఎవరు వచ్చారో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు, వాసనే చెప్పేది. ఒకరోజు కొత్త గుడ్డల గంజి వాసన, అంటే ప్రెసిడెంటు. ఒకరోజు ఇంగువ. అత్తరు సాయిబు వచ్చిన రోజు ఇల్లంతా గులాబీ తోటయింది. పసుపు అంగడి ఆయన పోయాక చూస్తే ప్రతి చెంబు మీదా అయిదు పచ్చటి వేళ్ళు. అవి తోముతూ ఆయన్ను తిట్టుకున్నాను, దణ్ణం కూడా పెట్టుకున్నాను. తమ గిరాకీని కొడుకులకో తమ్ముళ్ళకో వదిలి, తెలియని ఇత్తడి మధ్య పొద్దంతా చెమటలు కక్కుకుంటూ కూర్చునేవాళ్ళు. బిందె బరువు చెప్పడం రాక సాయిబు గిరాకీనే అడిగాడట, "మీరే చెప్పండి, ఎంత ఉంటుందో" అని. ఇంత మంచితనం మనుషుల్లో ఉంటుందని పన్నెండేళ్ళు తలుపు చాటున విన్నా నాకు తెలియలేదు.

తరవాత ఎదురంగడి మామ వంతు వచ్చింది. పాలకు పిల్లిని కాపలా పెట్టినట్టుందని నేను తలుపుకు చెవి ఆనించి కూర్చున్నాను. మా అంగడి మూతపడితే ఇత్తడికి వీధిలో ఆయన ఒక్కడే మిగులుతాడు. ఆ రోజు ఆయన అంగట్లో ఆయన కొడుకు కూర్చున్నాడు.

ఆలూరు వైపు రైతు ఒకడు పెళ్ళాంతో వచ్చాడు. కూతురి పెళ్ళి సామాన్లు కావాలట. మా అంగడి ముందు నిలబడి ఒకసారి చూసి, "ఎదుటిది పెద్ద అంగడి మాదిరి ఉండాది, ఆడ చూద్దాం పా" అన్నాడు. ఇంకేం, మామకు కావాల్సింది అదే కదా అనుకున్నాను. మరుక్షణం ఆయన గొంతు ఖంగుమంది.

"యాడికి పోతాండావప్పా? ఆడ ఏముండాది? అంతా పాత సరుకు. చింతపండుతో తోమి తోమి కొత్తదని పెట్టినారు. ఆ సెట్టి శానా పిసినారి. నువ్వు బండెడు సామాన్లు కొన్నా ఉగ్గుగిన్నె కూడా కొసరు ఇయ్యడు. నా మాట ఇని ఈడికి రా."

"ఆ సెట్టిని చూస్తే అమాయకం మాదిరి ఉండాడే?" అన్నాడు రైతు, ఎదురుగా ఉన్న కొడుకుని చూసి.

"అది కొడుకు. నాయన్ను చూడలేదు నువ్వు. చూడకుంటేనే మేలు."

నేను తలుపు సందులోంచి చూశాను. ఎదురంగట్లో కొడుకు చేతిలో చెంబు పట్టుకుని, నోరు తెరిచి, అట్లాగే ఉండిపోయాడు. మామ మాత్రం ఇంకా తన అంగడి గురించి చెబుతూనే ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా కూర్చున్న గద్దెను పొగడటం, ఎదుటి గద్దెను తిట్టడం తప్ప ఆయన నోటికి ఇంకోటి అలవాటు లేదు. కూర్చున్న చోటు మారింది, నోరు మారలేదు. అంతే. రైతు పెళ్ళి సామానంతా మా దగ్గరే కొన్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. నా భర్త పోయాక అదే మొదటి నవ్వు. అది ఎప్పుడు ఏడుపయిందో నాకే తెలియలేదు. ఈ మాటలు వినడానికి ఆయన లేడే అని ఏడ్చాను.

సాయంత్రం మామ తాళంచెవి ఇవ్వడానికి పెరటి తలుపు దగ్గరికి వచ్చాడు. నేను చాటు నుంచే అడిగాను.

"మామా, కావాలనే అంటిరా ఆ మాటలు?"

"ఏ మాటలు?" అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించాడు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నా నోరు పడిపోను! మావాడు ఇన్యాడా?"

"ఇన్యాడు. నోరు ఇంకా మూసుకోలేదు."

"గద్దె అనిపించినాది లేమ్మా. నేను కాదు" అని విసురుగా వెళ్ళిపోయాడు. తండ్రీ కొడుకులకు మూడు రోజులు మాటల్లేవని తరవాత తెలిసింది.

నెల మాసికమయింది. సత్రం వసారాలో సంఘం కూడింది. మా అన్న బండి సత్రం బయటే ఉంది, ఎద్దుల్ని కూడా విప్పలేదు. నేను పిల్ల చెయ్యి పట్టుకుని వసారా మెట్టు దగ్గర నిలబడ్డాను. అంగడి వదలను, నేనే కూర్చుంటాను అని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

బెల్లం అంగడి ఆయన నేల చూపులు చూస్తూ అన్నాడు. "తప్పుగా అనుకోవద్దు తల్లీ. పెండ్లి సామాన్లు కొనను వచ్చినోళ్ళకు పొద్దున్నే నీ మొగం ఎదురైతే..."

"మొగం ఎవురూ కొనరు సెట్టీ, బిందె కొంటారు" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

అప్పుడు ఎదురంగడి మామ లేచాడు. అంగడి పోయినట్టే అనుకున్నాను. "గద్దె ఈయమ్మకు ఇయ్యల్ల" అన్నాడు. "కానీ ఒక షరతు. సంఘంలోకి వచ్చినాక అందరి మాదిరి ఈయమ్మా గద్దె వంతు కూచోవల్ల. ఊరికే ఇస్తే ధర్మం చేసినట్టయితాది. మనం ధర్మానికి అంగళ్ళు ఇయ్యము."

ఆ షరతు విని నాకు మండిపోయింది. దిక్కులేని దాన్ని నిలబెట్టి బేరమాడతాడా అని. ప్రెసిడెంటు మామ ముఖం వంక ఒకసారి చూసి, వంతుల పట్టీలో నా పేరు చేర్పించాడు. మా అన్న ఉత్త బండి తోలుకుని వెళ్ళాడు. పోతూ కళ్ళు తుడుచుకున్నాడు. అది బాధో, మా వదినకు జవాబు చెప్పే పని తప్పినందుకో నేను అడగలేదు.

మొదట్లో పొద్దున పూట నా గడప ఎవరూ తొక్కేవాళ్ళు కాదు. నా దగ్గర మొదటి బోణీ చేసింది మిషను బడి టీచరమ్మ. ఆమె నా నొసటి వంక చూడనే లేదు, కూజా అడుగు భాగం మాత్రం మూడుసార్లు తిప్పి చూసింది. మెల్లగా మిగతావాళ్ళూ వచ్చారు. యుద్ధం వచ్చి ఇత్తడి కరువైనప్పుడు, దొరికిన కాస్త సరుకునీ సంఘం మామకూ నాకూ సమంగా పంచింది. మామ అంగడి నాదానికి రెండింతలు. అయినా ఆయన కిక్కురుమనలేదు. అంటే, సంఘంలో అనలేదు. వీధిలో మాత్రం రోజూ నా బిందెల మీద కేకలు వేసేవాడు. నేనూ తక్కువ తినలేదు. నా భర్త జవాబులన్నీ నాకు కంఠతా వచ్చు, కొత్తవి కొన్ని కలిపాను.

అన్నీ జరిగాయి, ఒక్కటి తప్ప. నా వంతు రాలేదు. బెల్లం అంగడి ఆయన పోయినప్పుడు నా పేరు దగ్గరికి వచ్చి దాటిపోయింది. "నీకెందుకు తల్లీ శ్రమ" అన్నారు. అత్తరు సాయిబు పోయినప్పుడూ అంతే. ఆయన పొద్దంతా నా ఇత్తడి మధ్య కూర్చుని పోయిన మనిషి. ఆయన గద్దె మీద ఒక్క పూట కూర్చుని రుణం తీర్చుకుందామంటే నాకు దక్కలేదు. అది సాయిబు ఇంటివాళ్ళ తప్పు కాదు. బొట్టులేని మనిషిని ఇంకొకరి గద్దె మీదికి పంపడానికి సంఘానికే నోరు రాలేదు. నాకు విస్తరి వేసి కూర్చోబెట్టి, అందరికీ వడ్డిస్తూ నన్ను దాటిపోయినట్టుండేది. అంగడి ఇచ్చినప్పుడు పడిన సంతోషం కంటే ఈ బాధ పెద్దదయింది. వంతు లేని దాన్ని ఈ వీధి మనిషినెట్లా అవుతాను?

ఒకసారి పట్టలేక మామనే నిలదీశాను. "షరతు పెట్టింది మీరే కదా. ఏమయింది ఆ షరతు?"

ఆయన ఆకులకు సున్నం రాస్తూ అన్నాడు. "వేరేవాళ్ళ ఇంట్లో సంగతి నేనెట్ల చెప్తా? నా ఇంట్లో అయితే చెప్తా. ఏమి, నా చావు కోసం చూస్తాండావా?"

"మీరు అంత తొందరగా పోరు లే మామా" అన్నాను. ఇద్దరం నవ్వాం.

తెల్లవాళ్ళు పోతున్నారని వీధంతా చెప్పుకుంటున్న ఏడాది, మామ పోయాడు. మూడో రోజు ఆయన కొడుకు వీధి దాటి వచ్చి నా అంగడి మెట్టు దగ్గర నిలబడ్డాడు. అప్పటికి అతనికీ నలభై దాటాయి.

"నాయన చెప్పి పొయినాడు. మొదటి వంతు నీదేనంట" అన్నాడు. వెనక్కి తిరుగుతూ, "అమ్మ కూడా అదే చెప్పె" అన్నాడు.

మరునాడు తెల్లవారగానే స్నానం చేసి వీధి దాటాను. ఇరవై అడుగుల వీధి. వీధి వీధంతా ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నట్టు నటిస్తోంది. పసుపు అంగడి ఆయన ఖాళీ తక్కెడను తూచుతున్నాడు. ఆయన మనసులో ఏముందో నాకు తెలుసు. ఈ పొద్దు బోణీ కాకపోతే ఇక నా వంతు ఎప్పటికీ రాదు. నా అంగట్లో నా కూతురు కూర్చుంది. పదహారేళ్ళది, కొత్తగా పెళ్ళయింది. తల నిండా కనకాంబరాలు, చేతుల నిండా గాజులు.

ఎండ ఎక్కుతుండగా ఒక పెద్దాయన వచ్చాడు. నెత్తిన తలపాగా, భుజాన కంబళి. మనవరాలి పెళ్ళట. మెట్టు ఎక్కి తల ఎత్తాడు. నా నొసలు చూశాడు, నా చేతులు చూశాడు. ఏమీ అనకుండా మెట్టు దిగాడు. వెనక్కి తిరిగితే ఎదురుగా నా కూతురు, లక్ష్మీదేవిలా ఉంది. అటు అడుగు వేశాడు.

పోతున్నది నా అంగడికే. ఊరుకుంటే నాకే లాభం. ఆ లెక్క వేసుకునే లోపే నా నోరు తెరుచుకుంది.

"యాడికి పోతాండావు నాయనా? ఆ పూలు చూసి పోతాండావా? పూలు అమ్మరు ఆడ. అంతా అతుకుల సామాను. ఏ బిందె కొట్టి చూసినా దగ్గు మాదిరి మోగుతాది. పెండ్లికి పెట్టే సామానుకు నిజం మోత ఉండొద్దా? ఈడికి రా, కొట్టి చూపిస్తా."

ఎదురుగా నా కూతురు చేతిలో గిన్నె అట్లాగే పట్టుకుని నోరు తెరిచింది. ఆ నోరు తెరవడం నేను ఇంతకు ముందు ఈ వీధిలోనే చూశాను. మామ కావాలని అన్నాడా, పొరపాటున అన్నాడా అని పదేళ్ళు అనుకున్నాను. అప్పుడు తెలిసింది, నిజంగా గద్దే అనిపించిందని.

పెద్దాయన ఆగి నవ్వాడు. "ఆ అంగడి ఎవురిదమ్మా?"

"ఎవురో విధవరాలిది. శానా గయ్యాళి. సరుకు కంటే నోరే పెద్దది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. అర్థమయిందో లేదో నాకు తెలియదు. కంబళి తీసి అరుగు మీద పెట్టి, మెట్టు ఎక్కి కూర్చున్నాడు. "సరే, నిజం మోత ఇనిపించు" అన్నాడు.

నా వెనక, ఇంటికీ అంగడికీ మధ్య తలుపు చాటున, ఎవరో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్న చప్పుడయింది. మామ భార్య. కాసేపటికి ఆ నవ్వు ఏడుపయింది. నేను వెనక్కి తిరగలేదు. పెద్ద బిందె ఒకటి ఒళ్ళోకి తీసుకుని, లోపలికి కూడా వినపడేటట్టు వేలి కణుపుతో గట్టిగా కొట్టాను.